ల మీద తలకట్టు

పోయిన ఆదివారం మా అమ్మాయి భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, "అమ్మా, ల పైన ఈ మరక తీసేయనా?" అని అడిగింది. కౌలాలంపూర్‌లో ప్రకటనలకు బొమ్మలు గీసే ఉద్యోగం దానిది. పోర్ట్ క్లాంగ్ రామాలయం సామాన్ల గదిలో దొరికిన పాత రేకు బోర్డును ఫోటోలు తీసి, ఆ చేతిరాత పోలికలో ఒక తెలుగు ఫాంటు తయారు చేస్తోంది. గరుకు అంచులు, కుంచె వెంట్రుకల చారలు, రంగు చాలక తేలిపోయిన చోట్లు అన్నీ అలాగే ఉంచింది. "చిన్నగా పెడితే చదవలేం లా. పోస్టర్, టీషర్ట్, కాఫీ పాకెట్, అలాంటివాటికే," అంది, మలేషియా అలవాటుగా మాట చివర 'లా' తగిలించి. తెలుగు కూడబలుక్కుని చదివే పిల్ల తెలుగు అక్షరాలు గీయడమేమిటని నాకు నవ్వు రావాలి. రాలేదు. ఆ మరక నా నిర్వాకమే.

ఆ బోర్డు రాసింది మా చిన్నాన్న. రేవు లారీల తలుపుల మీద పేర్లు రాయడం ఆయన పని. దగ్గరికొస్తే కిరసనాయిలు, ఎనామెల్ రంగు కలిసిన వాసన వచ్చేది. మా పిన్ని ఆయన చొక్కాలను వేరే బకెట్లో ఉతికేది. చిన్నాన్న చదివింది తమిళ బడిలో. తెలుగు మాట్లాడేవాడే కానీ చదవడం రాదు. ఎవరో కాగితం మీద రాసిచ్చిన 'శ్రీ రామాలయము'ను చూసి, ఎండకు నెత్తికి తువ్వాలు చుట్టుకుని, నిచ్చెన మీద నిలబడి బొమ్మలా దించేశాడు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. శనివారం తెలుగు క్లాసులో నేర్చిన నాలుగు ముక్కలతో మహా పండితురాలినైపోయాను. గుడికొచ్చిన అందరి ముందూ పకపకా నవ్వి, "చిన్నాన్నా, ల కి తలకట్టు ఉండదు!" అని అరిచాను. వాళ్లూ నవ్వారు. ఆయన బోర్డు వైపు తిరిగాడు. "అన్నిటికీ నెత్తి మీద ఏదో ఒకటుంది గదేటమ్మా. దీనికొక్కదానికే నేదు. బోసిగా ఉందని ఎట్టీసినాను," అన్నాడు. తర్వాత తన తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, కిరసనాయిల్లో ముంచి, ఆ తలకట్టు తుడిచేశాడు. నీడలా కొంచెం మిగిలిపోయింది.

ఆ తర్వాత ఆయన మలయ్‌లో రాశాడు, తమిళంలో రాశాడు, తెలుగు మాత్రం మళ్లీ ముట్టలేదు. నా పెళ్లి పందిరికి పేర్లు రాయమంటే, "నాకేటి తెలుసమ్మా, సదువుకున్నోల సేత రాయించుకో," అని నవ్వి తప్పించుకున్నాడు. నేను బతిమాలలేదు. పెళ్లి హడావుడి అనుకున్నాను కానీ, నిజానికి నాకు మొహం చెల్లలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ చేత్తో నా పేరు ఒక్కసారి రాయించుకుని ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

"తీయకు. అక్కడ తలకట్టు ఉండేది, మళ్లీ పెట్టు," అన్నాను మా అమ్మాయితో. ఎందుకో కూడా చెప్పాను. అది ల నెత్తిన తలకట్టు గీసి, ఆ అక్షరాలతోనే నా పేరు పెద్దగా కూర్చి, తెర నా వైపు తిప్పింది. నా పేరులో ల ఉంది. తప్పు దిద్దడానికి ఆ రోజు నాకు ఒక్క క్షణం చాలింది. దాన్ని మళ్లీ పెట్టించుకోవడానికి నలభై ఏళ్లు పట్టింది.