ఇనుము లేని ముగ్గు మిషను

మునిచంద్ర కాలిపోయిన మోటార్లకు ప్రాణం పోయగలడు గాని, కొత్తగా ఒక్క వస్తువును కూడా సవ్యంగా పుట్టించలేడు. ఈ మాట అన్నది పుంగనూరు జనం కాదు, మునిచంద్రే. బస్టాండు వెనక వీధిలో ముప్పై ఏళ్లుగా వైండింగు షాపు నడుపుతున్నాడు. బోరులోంచి పైకి లాగిన మోటారును అతని ముందు పడేస్తే, నల్లబడిన రాగితీగంతా పీకి, కొత్తది చుట్టి, మూడో రోజుకల్లా నీళ్లు తోడేట్టు చేసి పంపుతాడు. అంతటితో ఊరుకుంటే పెద్దమనిషి అనిపించుకునేవాడే. కానీ ఊరుకోలేడు, చేతులు దురదపెడతాయి.

ఒకసారి వేరుశనక్కాయలు ఒలిచే యంత్రం చేశాడు. అది గింజల్ని పక్కింటి పెంకుల మీదికి విసిరేసి, పొట్టును మాత్రం బుట్టలో భద్రంగా దాచింది. ఇంకోసారి రుబ్బురోలుకు పాత మోటారు తగిలించాడు. ఆ రోజు వంటింటి గోడ మీద పడిన పిండి మరకలు రెండుసార్లు సున్నం కొట్టినా పోలేదు. ఇంటికి చుట్టాలు ఎవరొచ్చినా అతని భార్య సరస్వతమ్మ ముందు ఆ గోడ చూపించి, తర్వాత మంచినీళ్లు ఇచ్చేది. మునిచంద్ర కూడా పక్కనే నిలబడి, "ఈ సుక్క సూడప్పా, గుమ్మం దాకా ఎగిరిండాది" అని వివరించేవాడు. తన మీద తాను నవ్వుకోవడంలో అతనికి సాటి వచ్చేవాళ్లు లేరు. నవ్వుకోలేని పని ఒకటి చేసేదాకా అట్లాగే గడిచింది.

సరస్వతమ్మకు మోకాళ్ల నొప్పులు. స్కూటరు వెనక హాయిగా కూర్చుంటుందని, కాళ్లు పెట్టుకోవడానికి వెడల్పాటి ఇనుప పలక ఒకటి తనే వెల్డింగు చేసి బిగించాడు. మదనపల్లెలో బంధువుల పెళ్లికని ఇద్దరూ బయల్దేరారు. టమోటా మార్కెట్టు దాటి మలుపు తిరుగుతుంటే పలక ఊడిపోయింది. మునిచంద్ర మాత్రం పెళ్లి కబుర్లు చెప్పుకుంటూ ఇంకో వంద గజాలు పోయాడు. వెనక్కి తిరిగి చూస్తే పట్టుచీర దుమ్ములో ఉంది. ఆమె కుడి మణికట్టు విరిగింది.

ఆస్పత్రి మంచం మీద ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది. "షాపులో నీ ఇష్టమయ్యా. ఇంటికోసరం మాత్రం ఇంక ఇనుము ముట్టి కొత్తది ఏదీ సెయ్యనని నా నెత్తిన సెయ్యి పెట్టి సెప్పు" అంది. అతను చెయ్యి పెట్టాడు.

నెలన్నరకు కట్టు విప్పారు గాని చెయ్యి మునుపటి చెయ్యి కాలేదు. మణికట్టును రోజూ తిప్పుతూ ఉండాలని డాక్టరు చెప్పాడు. నొప్పికి భయపడి ఆమె తిప్పేది కాదు. అన్నం స్పూనుతో తినడం నేర్చుకుంది, జడ వేయించుకోవడం నేర్చుకుంది. ఒక్కటి మాత్రం ఎవరి చేతా చేయించుకోలేకపోయింది. ఆ వీధిలో సరస్వతమ్మ అంటే ముగ్గు. ఇరవై ఒక్క చుక్కలు పెట్టి, గీతను ఆ చుక్కల నడుమ మెలికలు తిప్పుకుంటూ పోయి, మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలిపేది. దానికి పిండి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ సన్నగా, ఆగకుండా జారాలి. కట్టు విప్పిన మర్నాడు ప్రయత్నిస్తే గుప్పెడు పిండి ఒకేచోట ముద్దగా పడింది. గిన్నె అక్కడే వదిలేసి లోపలికి వెళ్లింది. ఆ తర్వాత వీధి గుమ్మం వైపు రాలేదు.

పక్కింటి బయ్యమ్మ మంచిది. జాలిపడి రోజూ ఇటు వాకిట్లో కూడా నీళ్లు చల్లి, నాలుగు గీతలు గీసి పోయేది. ఆమె చీపురు చప్పుడు వినగానే సరస్వతమ్మ పెరట్లోకి వెళ్లిపోయేది. అంగడికి పోవాలన్నా పెరటి సందులోంచే పోయేది. "ఇల్లు మనదేగాని వాకిలి బయ్యమ్మదై పాయ" అంది ఒకరోజు. ఆ మాట మునిచంద్రకు ముల్లులా దిగింది. మోటారయితే తీగ మార్చేవాడు. ఇక్కడ ఏం మార్చాలో తెలియలేదు. విరగ్గొట్టింది తనేనని మాత్రం తెలుసు.

ఆ నెలలోనే కుప్పంలో ఉన్న కూతురు ప్రీతిని చూసి రావడానికి పోయాడు. ప్రీతి అటక సర్దుతూ ఒక బియ్యం సంచి కిందికి దించింది. దాని నిండా ప్లాస్టిక్ ఇటుకలు. మనవరాలు చిన్నప్పుడు ఇళ్లూ, బండ్లూ కట్టి ఆడుకున్న బొమ్మ ఇటుకలు. ఆ పిల్ల ఇప్పుడు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది.

"పాత ప్లాస్టిక్కు కొనేవానికి ఏసేద్దామనుకుంటాండా నాయనా" అంది ప్రీతి.

మునిచంద్ర సంచిలో చెయ్యి పెట్టాడు. ఇటుకల నడుమ పళ్లచక్రాలు తగిలాయి. చేతులు దురదపెట్టడం మొదలైంది. వెంటనే ఒట్టు గుర్తొచ్చింది. ఆ వెంటనే, ఇది ఇనుము కాదు కదా అని కూడా గుర్తొచ్చింది. నల్లకోటు వేసుకుని కోర్టులో వాదించవలసిన మనిషి పొరపాటున వైండింగులోకి వచ్చాడని తనను తాను మెచ్చుకున్నాడు. పలమనేరు మీదుగా పుంగనూరు వచ్చేదాకా ఆ సంచి ఒళ్లోంచి దించలేదు.

అతను అనుకున్నది ముగ్గు వేసే మిషను. నడుమ కదలని పెద్ద పళ్లచక్రం ఉంటుంది. దాని చుట్టూ తిరిగే జానెడు పొడుగు చెయ్యి ఉంటుంది. ఆ చేతి చివర, పెద్ద చక్రం పళ్లను పట్టుకుని దొర్లే చిన్న చక్రం. ఆ చిన్న చక్రానికి ఒక పెన్ను. పక్కనున్న పిడి తిప్పితే చెయ్యి గుండ్రంగా పోతుంది, చిన్న చక్రం తన చుట్టూ తాను తిరుగుతుంది, పెన్ను రేకులు గీస్తుంది. చెప్పుకోవడానికి ఇంతే. షాపులో మధ్యాహ్నం భోజనాల వేళ తలుపు దగ్గరకు వేసుకుని కూర్చుని, యాభై ఎనిమిదేళ్ల మనిషి బొమ్మ ఇటుకలు పేర్చాడు. ఎవరైనా రైతు వస్తే సంచి బల్ల కిందికి తన్నేసి, టెస్టరు చేతపట్టి గంభీరంగా ముఖం పెట్టేవాడు.

మొదటి బొమ్మ ఎంతసేపు తిప్పినా ముగియలేదు. గీత మొదటికి రాకుండా పక్కపక్కనే పోతూ, కాలిన మోటారులోంచి పీకిన తీగచుట్టలా తయారైంది. రెండోదీ అంతే. నాలుగో రోజున గాని అతనికి వెలగలేదు, చక్రాల పళ్లు లెక్కపెట్టాలని. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మోటార్లలో తీగ చుట్టే గాళ్లు లెక్కపెట్టడమే పని, అయినా ఇక్కడ లెక్కపెట్టాలని తోచలేదు. పెద్దదానికి యాభై ఆరు పళ్లు, చిన్నదానికి ఎనిమిది. అవి రెండూ కలిపితే ఏడు రేకుల పువ్వు వచ్చింది, గీత మొదలైన చోటికే వచ్చి ఆగింది. అతనికి కావలసింది ఎనిమిది రేకుల తామర. సంచంతా బోర్లించి వెతికినా ఎనిమిది ఇచ్చే జత దొరకలేదు. ఏడుతోనే సర్దుకుని, పెన్ను తీసేసి, నూనె పోసే చిన్న ప్లాస్టిక్ గరాటు బిగించాడు. ఆమెకు బాగున్నది ఎడమ చెయ్యి గనక పిడిని ఎడమవైపుకు పెట్టాడు. ఆ తెలివికి మళ్లీ ఒకసారి మెచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున బయ్యమ్మ నీళ్లు చల్లగానే మునిచంద్ర మిషను తెచ్చి వాకిట్లో పెట్టాడు.

"ఈ దినం ముగ్గు నేనేస్తాలేమ్మా" అన్నాడు.

"నువ్వా అన్నా?" అని బయ్యమ్మ రెండడుగులు వెనక్కి జరిగింది. ఆ వీధిలో అతని యంత్రాల సంగతి అందరికీ తెలుసు.

అతను గరాటులో జల్లించిన పిండి పోసి పిడి తిప్పాడు. గీత పడింది. ఒక రేకు, రెండో రేకు. బయ్యమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "వదినా! ఒకసారి రా, సూడు!" అని కేకేసింది. మునిచంద్ర పిడి తిప్పుతూనే ఉన్నాడు. మూడో రేకు సగంలో ఉండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"యాల అట్లా తిప్పుతాండావు?"

సరస్వతమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"అది అపసవ్యం. మంచికేసే ముగ్గు కుడి పక్కకి పోవాల. ఎడం పక్కకి తిరిగేది సావింట్లో అని మా యమ్మ సెప్పేది" అంటూ మెట్టు దిగి వచ్చింది. మూడు నెలల తర్వాత ఆమె వాకిట్లో కాలు పెట్టిందన్న సంగతి ఆ కోపంలో ఆమెకే గుర్తులేదు.

మునిచంద్ర తల దించుకున్నాడు. మోటారు ఎదురు తిరుగుతోందని ఎంతమంది రైతులు పరుగెత్తుకొచ్చినా, రెండు వైర్లు మార్చి సరిచేసి పంపినవాడు. ఇక్కడ మార్చడానికి వైర్లు లేవు. "నడాన ఇంకో సక్రం దూర్చాల. దానికి అడుగు నుంచీ ఇప్పాల. రెండు దినాలు టైమియ్యి" అంటూ ఇటుకలు పీకబోయాడు.

"ఆ పిడినే ఇంకో పక్కకి తిప్పితే?" అంది సరస్వతమ్మ.

బయ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్పై ఏళ్ల అనుభవం వాకిట్లో చతికిలబడి కూర్చుంది.

సరస్వతమ్మ పాత గీతలు చెరిపేసింది. మిషనును అటుదిటు తిప్పి పెట్టింది. దాంతో పిడి కుడివైపుకు వచ్చింది. ఆమె కూర్చుని, అలవాటు కొద్దీ కుడిచెయ్యే చాచి పిడి పట్టుకుని, అతను తిప్పినదానికి ఎదురు తిప్పింది. మొదటి చుట్టుకు ముఖం ముడుచుకుపోయింది. పెదవి కొరుక్కుంటూ తిప్పింది. వద్దని చెప్పబోయి మునిచంద్ర ఆగిపోయాడు. గీత ఈసారి కుడివైపుకు పోయింది, చుట్టి వచ్చి మొదటితో కలిసింది.

"ఏడే ఉండాయే! ఎనిమిది గదా ఉండాల?"

"సంచిలో అన్నే ఉండాయి" అన్నాడు మునిచంద్ర.

ఆ రోజు నుంచి బయ్యమ్మ తన వాకిలే ఊడ్చుకుంది. సరస్వతమ్మ రోజూ కూర్చుని పిడి తిప్పేది. డాక్టరు చెప్పినప్పుడు తిప్పని మణికట్టు, ముగ్గు కోసం తిరిగింది. మూడో వారంలో ఒక ముసురు పొద్దున పిండి చెమ్మగిల్లి గరాటు పూడుకుపోయింది. ఒక రేకు సగంలో తెగిపోయింది. సరస్వతమ్మ కాసేపు ఆ ఖాళీని చూసింది. సగం గీసిన ముగ్గును వదిలి లేవడం ఆమెకు చేతకాదు. గిన్నెలోంచి పిండి తీసుకుని, కుడిచేతి వేళ్లతోనే ఆ ఖాళీని కలిపింది. గీత వణికింది, ఒకచోట లావు, ఒకచోట సన్నం. పళ్లు తోముకుంటున్న మునిచంద్ర చప్పున కరెంటు స్తంభం వైపు తిరిగి నిలబడ్డాడు.

గరాటు బాగుచేస్తానని షాపుకు తీసుకుపోయాడు. సూదితో ఒక్క పోటు పొడిస్తే సరిపోయే పని. సూది తీశాడు, బల్ల మీద పెట్టేశాడు. మోటార్లకు చుట్టే నూలు టేపు ముక్క చించి, ఉండ చేసి, గరాటు లోపల ఒక పక్కకు కుక్కాడు. చేతులారా ఒక యంత్రాన్ని చెడగొట్టడం అతనికి అదే మొదటిసారి. అంతకుముందు చెడిపోయినవన్నీ వాటంతటవే చెడిపోయాయి.

ఇక మిషను రోజూ మొరాయించింది. మూడు రేకులు అది గీస్తే నాలుగు ఆమె కలిపేది. "ఒక్క వస్తువన్నా సరిగ్గా సేసినావా నువ్వు?" అని బయ్యమ్మ ముందే కడిగేసేది. "నాసిరకం ప్లాస్టిక్కు, యేం సేసేది?" అని మునిచంద్ర తల గోక్కునేవాడు. జీవితంలో ఇన్ని తిట్లు ఇంత ఇష్టంగా అతను తినలేదు.

నెల తిరిగిన తర్వాత ఒకరోజు చీపురు చప్పుడుకు లేచి బయటికి వచ్చాడు. మిషను అటక మీదే ఉంది. సరస్వతమ్మ వాకిట్లో వంగి చుక్కలు పెడుతోంది. ఇరవై ఒకటి కాదు, తొమ్మిదే. వరస కొంచెం వంకరగానే ఉంది.

"మిషను తెచ్చేదా?" అన్నాడు.

ఆమె నడుము నిలబెట్టి, ఎడమ గుప్పిట తెరిచి చూపించింది. పిండి అంటుకున్న నూలు టేపు ఉండ.

"ఇది నీ షాపుదే గదా?"

ముప్పై ఏళ్ల అనుభవం మళ్లీ చతికిలబడింది.

"ఎప్పుడు సూస్తివి?" అన్నాడు.

"నువ్వు పెట్టిన మర్నాడే. తీసి సూసి, మళ్లా ఆడనే పెట్టేస్తి" అని సరస్వతమ్మ ఆ ఉండను అతని చేతిలో పెట్టి, వంగి తర్వాతి చుక్క పెట్టింది.