చౌసికు ఊడ్చిపారేసిన కుప్ప

“అంటే, మొత్తం ఎత్తి పారబోశారా, బీబీ?” అని నీమా ఆ పెద్దావిణ్ణి మళ్ళీ అడిగింది.

“చుట్టాలొస్తున్నారంటే వాకిలి ఊడవమా అమ్మా? మీ ఇంట్లో ఊడవరా?” అంది చౌసికు.

చౌసికు అంటే రాత్రి పుట్టిన పిల్ల అని. పుట్టింది రాత్రే గానీ, ఆవిడ చీపురు మాత్రం సూర్యుడికంటే ముందే లేస్తుంది. సముద్రపొడ్డున కిజిబా వాడలో కర్రపెండలం వేయించి అమ్ముకుంటూ ఇద్దరు మొగుళ్ళని సాగనంపింది. వాకిట్లో ఆకు రాలితే చెట్టుతో పోట్లాడే రకం.

ఒకప్పుడు యజమానుల దగ్గర్నుంచి పారిపోయొచ్చిన బానిసలు కట్టుకున్న వాడ అది. వాళ్ళ సమాధులు వెనక దిబ్బ మీద ఉన్నాయి. పక్కన కిత్తనార తోటవాళ్ళేమో, “మీ తాతలు మా తోటకి కూలికొచ్చారు, అంతకుముందు ఇక్కడ ఎవరున్నారు?” అంటూ ఆ దిబ్బ తమదంటున్నారు. నేల తవ్వి పాతకాలం ఆనవాళ్ళు వెతికే నీమా, ఎవరు ముందో తేల్చడానికి మీ పెరడు చూడ్డానికొస్తానని కబురుపెట్టింది. ఆమె చూడాలనుకున్నది పెరట్లో తరతరాల పెంటకుప్పనేనని ఎవరికి తడుతుంది? వాడలో ఆడాళ్ళందరూ దాన్ని గంపలకెత్తి, ముసలి సెఫు అరటి పిలకల కోసం తవ్వుకున్న గుంటలో పోసి వచ్చారు.

సెఫు తెగకీ వీళ్ళ తెగకీ తాతలనాటి నుంచీ బావామరదళ్ళ వరసలాంటి పరాచికం. చావింట్లో కూడా ఎగతాళి చేసుకోవాల్సిందే, కోపం తెచ్చుకుంటే తప్పు.

“ముసలోడా, నీకు కానుక తెచ్చాను,” అంది ఆవేళ చౌసికు.

“మీ ఇంట్లో ఇంతకంటే మంచి వస్తువు లేదని నాకెప్పుడో తెలుసులే,” అన్నాడు సెఫు.

ఇప్పుడు ఆ మాట నిజమైనందుకు చౌసికుకి ఒళ్ళు మండుతోంది.

“ఆ మూల చాపేంటి?” అంది నీమా.

చౌసికు సిగ్గుపడింది. “అడుగున రాయిలా గట్టిపడిపోయింది, పార దిగలేదు. మీ కంటపడకుండా కప్పాను.”

నీమా చాప తీసి మోకాళ్ళ మీద కూర్చుంది. పైపొరలో తోటవాళ్ళ తుప్పు తీగ. దాని కింద బూడిద. బూడిద కింద దువ్వెనతో గీసినట్టు అలల గీతలున్న కుండ పెంకు. చౌసికు తన నీళ్ళ కుండకేసి చూసింది. అవే అలలు.

“ఇది మా అమ్మమ్మ చెయ్యి,” అంది, గొంతు తగ్గించి.

“అమ్మమ్మకి నేర్పినవాళ్ళ చెయ్యి, బీబీ. తోటవాళ్ళ తీగకి కింద ఉన్నది వాళ్ళకంటే ముందు పడ్డట్టు. కానీ ఒక్క పెంకు చూపిస్తే తోటవాళ్ళు నవ్వుతారు. పోసిన కుప్ప కావాలి. కలిసిపోయినా సరే, జల్లెడ పట్టుకుంటాను.”

“సెఫు రేపే అరటి పిలకలు నాటుతాడు. ఇచ్చింది వెనక్కి అడిగితే ఊరికే ఇస్తాడా? సంతలో నిలబెట్టి తన మీద పాట పాడించుకుంటాడు.”

“పాడలేరా?”

“వాడి మీద పొగడ్త పాటా? ఏముందమ్మా వాడిలో పొగడ్డానికి?”

సెఫు చేపలకెళ్ళాడు. పొద్దుగూకే వేళకి గానీ పడవ ఒడ్డుకి రాదు, అందాకా ఫోనూ అందదు. చౌసికు ఫోను కొంగున కట్టుకుని, గుమ్మంలో కూర్చుని సముద్రంకేసి చూస్తూ మాటలు కూర్చుకుంటోంది. పడవ కనబడగానే ఫోన్ చెయ్యాలి. ‘సెఫు దొరగారూ’ అని మొదలెడదామనుకుంది, నోరు తిరగలేదు.

‘ముసలోడా, రేపు పార పట్టకు. మా ముత్తవ్వ నీ గుంటలో ఉంది. పాట రేపు సంతలో పాడతాను’ అనాలి.