శాతం మాస్టారి ఫస్ట్ ర్యాంకు

ఆ మిడిల్ స్కూలు హెడ్మాస్టరును అందరూ శాతం మాస్టారనే పిలిచేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఒకప్పుడు లెక్కలు బాగానే చెప్పేవాడట. హెడ్మాస్టరు కుర్చీ ఎక్కాక సుద్దముక్క ముట్టుకోవడం మానేశాడు. పిల్లల్లో ఆయనకు రెండే రకాలు కనిపించేవి: పాసు శాతాన్ని పెంచేవాళ్లు, శాతాన్ని ముంచేవాళ్లు.

ఆ ఏడాది పై ఆఫీసువాళ్లు సర్కారు బడులకు ర్యాంకులివ్వడం మొదలుపెట్టారు. మార్కులతోపాటు బడిలో ఎలాంటి పిల్లలున్నారో కూడా రాసి పంపమన్నారు. ఆడపిల్లలెందరు, కూలివాళ్ల పిల్లలెందరు, ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్లెందరు. ఎవరికి ఏ సాయం కావాలో తెలుస్తుందని అడిగారు, పాపం. మాస్టారు ఆ వివరాలను మార్కుల పక్కన పెట్టి చూసుకున్నాడు. ఫెయిలయ్యేవాళ్లలో ఎక్కువమంది, కొత్త బిల్డింగుల దగ్గర రేకుల షెడ్లలో ఉండే వలస కూలీల పిల్లలు. వాళ్లకు ఇంట్లో ఒక భాష, బళ్లో ఒక భాష. తల్లులు పనికి వెళితే చంటిపిల్లల్ని చూసుకుంటూ సగం రోజులు షెడ్లలోనే ఉండిపోతారు.

ఇంకొకరైతే వీళ్లకు సాయంత్రం ఓ గంట చదువు చెప్పిద్దామనుకునేవారు. మాస్టారి బుర్ర అంతకంటే చురుకైనది.

"జబ్బెక్కడుందో దొరికిపోయింది. వీళ్లు లేకపోతే మనమే ఫస్టు," అన్నాడు స్టాఫ్‌రూములో చేతులు రుద్దుకుంటూ.

"వీళ్లు లేకపోతే బడిలో మిగిలేదెవరండీ?" అంది సోషల్ టీచరు.

"పాసయ్యేవాళ్లమ్మా!"

మర్నాటి నుంచి ఆ పిల్లల తల్లిదండ్రులకు బడికి రమ్మని కబుర్లు వెళ్లాయి. "మీకు రైల్వే గేటు అవతలి బడి దగ్గర కదా. ఇక్కడికి రావాలంటే పిల్లలు మెయిన్ రోడ్డు దాటాలి. ఏ లారీ అయినా గుద్దిందంటే ఎవరిది పూచీ?" అని మెత్తగా భయపెట్టేవాడు. అవతలి బడిలో ఆటస్థలం పెద్దదని ఊరించేవాడు. ఆయన గొంతులో అంత వెన్న పెళ్లి కొత్తలో కూడా వినలేదని ఆయన భార్య తర్వాత అంది. టీసీలు మాత్రం ముందే రాసి సంతకం పెట్టి ఉండేవి.

అవతలి బడి హెడ్మాస్టరు పరాయివాడేమీ కాదు, ఆయన సొంత బావమరిది. అతనికీ ర్యాంకు భయం ఉంది. వచ్చినవాళ్లను వచ్చినట్టే వెనక్కి తిప్పి పంపసాగాడు. "మా దగ్గర బెంచీలు లేవు, మా బావ బళ్లో బోలెడున్నాయి" అనేవాడు.

ఆదివారం భోజనాల దగ్గర ఇద్దరికీ చెడింది.

"ఏం బావా, నీ చెత్తంతా తెచ్చి నా బళ్లో పోస్తున్నావు?"

"పిల్లల్ని చెత్తంటావేంట్రా?" అని అక్క కసిరింది.

మాస్టారు కిసుక్కున నవ్వాడు.

"మీరు నవ్వకండి. వాడికి దారి చూపించింది మీరే," అంటూ ఆవిడ గరిటె ఠపీమని గిన్నెలో వేసింది.

రెండు రోజులకు ఒక తల్లి ఏడో తరగతి చదివే కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా మాస్టారి గదిలోకి వచ్చింది. ఇటుకలు మోసే మనిషి. తలకు చుట్టుకున్న గుడ్డ కూడా విప్పలేదు.

"అక్కడి సారు ఇక్కడికి పొమ్మంటాడు, మీరు అక్కడికి పొమ్మంటారు. మధ్యలో రైలు పట్టాలున్నాయి, వాటి మీద కూర్చోబెట్టమంటారా?"

"అలా కాదమ్మా, నీ మంచికే..."

"నా మంచి సంగతి నేను చూసుకుంటా. పిల్ల ఎక్కడ కూర్చోవాలో అది చెప్పండి."

ఈలోగా ఆ పిల్ల గోడ మీది పోస్టరు కూడబలుక్కుంటూ పైకే చదివింది. "ప్ర...తి బిడ్డా... మాకు... ముఖ్యమే."

మాస్టారు కంగారుపడ్డాడు. "అది మాది కాదమ్మా. పై ఆఫీసువాళ్లు పంపారు," అన్నాడు.

తల్లి ఆయన వైపొకసారి చూసి, బల్ల మీది టీసీ లాక్కుని వెళ్లిపోయింది. ఈ సంగతి సోషల్ టీచరు నోట మాస్టారి భార్య చెవిన పడింది. ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది. "ఆ పిల్లల్ని మళ్లీ తిప్పి పంపావో, నా గుమ్మం తొక్కకు," అని పెట్టేసింది. బావమరిదికి అక్కంటే హడల్. నోరుమూసుకుని అందరినీ చేర్చుకున్నాడు.

పరీక్షలయ్యాయి. శాతం మాస్టారి బడికి ఫస్ట్ ర్యాంకు వచ్చింది. ఖాళీ బెంచీల మీద దుమ్ము పేరుకున్నా, ఉన్న పిల్లలందరూ పాసే. పై ఆఫీసరు వచ్చి చేయి కలిపాడు, ఫోటో దిగాడు, ప్రసంగంలో ఉప్పొంగిపోయాడు. "ఇంత గొప్ప బడి ఇక్కడుండగా పక్కన ఇంకొకటి ఎందుకు? ఆ బడిని దీంట్లో కలిపేస్తున్నాం. ఆ పిల్లలకు కూడా మన మాస్టారి ప్రతిభ అందాలి!"

అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారి ముఖం మీద నవ్వు ఎటూ కదలక అలాగే బిగుసుకుపోయింది.

మూతపడ్డ బడి హెడ్మాస్టరును ఏం చెయ్యాలో తెలియక పై ఆఫీసులో ర్యాంకుల సెక్షన్లో కూర్చోబెట్టారు. ఈ బడిలో పిల్లలు తగ్గారని అంతకుముందే లెక్కల టీచరును వేరే చోటికి పంపేశారు. దాంతో సెలవులు అయ్యాక లెక్కలు చెప్పే పని మాస్టారి నెత్తినే పడింది. మొదటిరోజు క్లాసులోకి అడుగుపెడితే ముందు బెంచీలో ఆ ఇటుకల తల్లి కూతురే కూర్చుని ఉంది. ఆయన చెప్పిందాన్ని ఆ పిల్ల తన భాషలోకి మార్చి పక్కవాళ్లకు గుసగుసగా చెబుతూనే ఉండేది. మొదట గద్దించాడు. కొన్నాళ్లకు గద్దించే ఓపిక అయిపోయి, "సరే, వాళ్లకు అర్థమైందో లేదో అడుగు" అనడం మొదలుపెట్టాడు. ఇంటికి వెళ్లి కాళ్లు నొప్పులని మూలిగితే, "ఇన్నాళ్లకు జీతానికి పని చేస్తున్నారు," అంది భార్య.

ఆ ఏడు కొత్తగా చేరినవాళ్లలో సగానికి పైగా పాసయ్యారు. అంతకుముందెప్పుడూ పాసవనివాళ్లు. దానికి ఎవరూ ఫోటో దిగలేదు. ర్యాంకు మాత్రం అడుగు నుంచి లెక్కపెట్టుకునే చోటికి పడింది.

వెంటనే బావమరిది సంతకంతో తాఖీదు వచ్చింది. శాతం ఎందుకు తగ్గిందో వెంటనే రాతపూర్వకంగా తెలపాలట. మాస్టారు కలం తీసి "పిల్లలు రావడం వల్ల" అని రాశాడు. చదువుకున్నాడు. అది నిజమే గాని, నిజం రాసి ఉద్యోగం చేసినవాళ్లను ఆయన చూడలేదు. చింపేసి "అధిక వర్షాల వల్ల" అని రాసి పంపాడు.

సమాధానం సంతృప్తికరంగా ఉందని పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది.