కాళ్ళ కూలి

ఇంటికొచ్చిన మెకానిక్కుతో ఒక్క పనే చేయించుకుని పంపేయడం వెంకటరత్నమ్మకి చేతకాదు. అంతకుమించి ఆవిడలో ఇంకో దోషం వెతికినా దొరకదు. వెతికింది ఎవరో కాదు, పక్కింటి తాయమ్మ. రోజూ దేవుడికి దీపం పెట్టినంత నియమంగా, గోడ ఇవతల నిలబడి మరీ వెతికింది.

"విజిటింగ్ చార్జీ అంటే ఏంటనుకున్నారు వదినగారూ? కాళ్ళ కూలి!" అనేది రత్నమ్మ. "నడిచొచ్చినందుకు కాళ్ళకి ఇచ్చేశాం. మరి చేతులో? అవి కాళ్ళ వెంబడి ఊరికే వచ్చాయి. వచ్చినవాటిని ఖాళీగా కూచోబెడితే మనకే పాపం."

రత్నమ్మా, ఆవిడ భర్త కోటయ్యా కోస్తా వాళ్ళు. మాన్వి దగ్గర కాలవ కింద ఏళ్ళ తరబడి వరి పండించి, పొలం కొడుకు సుబ్బుకి అప్పజెప్పి, సూగురేశ్వరుడి గుడి నీడన, కృష్ణ ఒడ్డు గాలి పీల్చుకుందామని రాయచూరు పక్కనున్న దేవసూగూరు వచ్చారు. వచ్చి తాయమ్మ ఇంటి పక్కన మేడ కట్టారు. మేడ కట్టినందుకు తాయమ్మ ఏమీ అనుకోలేదు. మేడ మీద తొట్టి పెట్టారు. నిద్ర పట్టనిది అక్కడే.

అది మామూలు తొట్టి కాదు. ఏనుగు పిల్లని పడుకోబెట్టొచ్చు. హంపీ వైపు ఎవరో రిసార్టు మూసేస్తూ అమ్ముతుంటే, జీవితమంతా బురదలో నిలబడ్డ తన మోకాళ్ళకి మంచిదని కోటయ్య కొనుక్కొచ్చాడు. మీట నొక్కితే నీళ్ళు వేడెక్కి గుడగుడమంటూ బుడగలు కక్కుతాయి. వడ్ల లారీలో అది దిగిన రోజున వీధంతా బయటికొచ్చింది.

"ఏందది, పడవనా?" అని అడిగింది తాయమ్మ.

"హాట్ టబ్బు వదినగారూ! అందులో కూచుంటే ఒళ్ళు నొప్పులు ఎగిరిపోతాయంట."

"రాయచూరు ఎండలకు ఉడుకు నీళ్ళ తొట్టి ఏందమ్మా! మా మిద్దె మీది ట్యాంకు నల్లా తిప్పితే ఎండకాలంల చాయ్‌పత్తి ఏసుకోని తాగొచ్చు."

వీధి నవ్వింది. రత్నమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. తాయమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఎగతాళి చేసిన మనిషికంటే పడ్డ మనిషి ఎక్కువ నవ్వితే ఇక ఎగతాళికి అర్థమేముంది?

ఆ మేడ లేవకముందు వీధికి పెద్దదిక్కు తాయమ్మే. వీధిలో మొదటి ఫ్రిజ్జు ఆమెది, మొదటి గ్రైండర్ ఆమెది. ఐసుముక్క కావాలన్నా, దోసెల పిండి రుబ్బాలన్నా ఆమె గడపే తొక్కేవారు. ఇప్పుడు వాళ్ళందరూ ఆమె గడప దాటుకుని ముందుకి పోతున్నారు. దానికి కారణం ఆ తొట్టి కూడా కాదు, తొట్టి మెకానిక్కు.

తొట్టి మొదటిసారి ఆగిపోయినప్పుడు చుట్టుపక్కల ఎవరికీ దాని మంత్రం తెలియలేదు. హైదరాబాదులో ఒక కంపెనీ దొరికింది. మనిషి వస్తే చాలు మూడు వేలు, సామానుకి వేరే అన్నారు. వచ్చినవాడు అక్కడ పనిచేసే మస్కి ఊరి కుర్రాడు మహాంతేశ్. తొట్టి వెనక చెయ్యి పెట్టి, ఊడిపోయిన తీగ పిన్ను ఒకటి లోపలికి నొక్కాడు. తొట్టి గుడగుడమంది.

రత్నమ్మ గుండె ఆగినంత పనైంది. "అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"మూడు వేలకి ఒక్క వేలు కదిపావా నాయనా! కూచో. భోంచేసి వెళ్దువుగాని. ఈలోగా ఈ మిక్సీ చూడు."

మిక్సీ అయ్యాక ఫ్యాను. ఫ్యాను అయ్యాక ఎదురింట్లో బట్టలు కుట్టే సుమంగళ మిషను మోటారు. ఆ తర్వాత యమనూరప్ప చాయ్ కొట్టు రేడియో. మధ్యలో గోంగూర, ముద్దపప్పు, ఆవకాయతో భోజనం. వెళ్ళేటప్పుడు మస్కిలో ఉన్న వాళ్ళమ్మకని బియ్యం మూట. మహాంతేశ్ కళ్ళు చెమర్చాయి. అది అభిమానానికో ఆవకాయకో వాడికే తెలియాలి.

అప్పటినుంచి తొట్టికి పాడైపోవడం అలవాటైంది. "నా మోకాళ్ళకంటే దీనికే నొప్పులెక్కువ," అనేవాడు కోటయ్య. అది పాడైనప్పుడల్లా మహాంతేశ్ వచ్చేవాడు, వాడొచ్చినప్పుడల్లా రత్నమ్మ ఇంటిముందు చిన్న జాతర. ఇస్త్రీపెట్టెలు, టేబులు ఫ్యానులు చంకన పిల్లల్లా ఎక్కి వచ్చేవి. "పిచ్చిదమ్మా! వంద రూపాయల రిపేరీలకి వేలు తగలేస్తది. సుమ్నె, ఊకెనె పోతున్న పైసలు, మనమన్న వాడుకుందాం," అని నవ్వుకుంటూ వచ్చేవారు జనం. అందరికంటే పెద్దగా నవ్వేది తాయమ్మే. అయితే తన అరుగు మీద ఒంటరిగా కూర్చుని నవ్వేది, వినేవాళ్ళు ఎవరూ లేకుండా.

ఒకరోజు ఆమె భర్త శరణబసవ టార్చిలైటు పట్టుకుని మెల్లగా గడప దాటబోయాడు.

"ఏడికి?"

"ఏం లేదు. జరా ఈ టార్చి..."

"మనింట్ల ఖరాబైన సామాను ఏం లేదు!"

"ఎలుగుతలేదు గదా తాయీ."

"అది ఖరాబ్ కాలే. అలిసిపోయింది. పండనియ్యి."

శరణబసవ టార్చిని పడుకోబెట్టాడు. పడుకోబెట్టాడనే తాయమ్మ అనుకుంది.

ఇలా ఉండగా సూగురేశ్వరుడి జాతర దగ్గరికొచ్చింది. జాతరకి నడిచొచ్చే భక్తులకు తాయమ్మ ఏటా ఓలిగలు పెడుతుంది. శనగపప్పు, బెల్లం కలిపి రుబ్బిన పూర్ణం కూరి, పల్చగా ఒత్తి, నెయ్యి వేసి కాల్చిన ఓలిగలు. ఎండలో, దుమ్ములో కాళ్ళు కాలుతూ వచ్చినవాళ్ళు ఆమె అరుగు మీద కూర్చుని తిని, "సూగురేశ్వరుడు నిన్ను చల్లగ సూడాలమ్మా," అంటారు. ఏడాదంతా ఆమె బతికేది ఆ మాట మీదే. తొట్టి వచ్చినా మేడ వచ్చినా ఆ అరుగు మాత్రం ఇంకా ఆమెదే.

సరిగ్గా అప్పుడే గ్రైండర్ కర్రుమని అరిచి నోరు మూసుకుంది.

తాయమ్మ దాన్ని బతిమాలింది, కొట్టింది, బొట్టు పెట్టింది. కదల్లేదు. రాయచూరు నుంచి వచ్చి చూసినతను చార్జీ తీసుకుని, బేరింగు పోయింది, ఇంత పాత మోడలుకి ఇక్కడ దొరకదు, కొత్తది కొనుక్కోండని చెప్పి వెళ్ళిపోయాడు. అతని కాళ్ళూ వచ్చాయి, చేతులూ వచ్చాయి. పని చేసింది మాత్రం నోరొక్కటే అనుకుంది తాయమ్మ.

"పక్కింట్ల ఒక మాట అడుగుతే..." అన్నాడు శరణబసవ.

"ఆ గడప తొక్కితే నా పేరు తాయమ్మనే కాదు! రోలు లేదా మనకు?"

రోలు ఉంది. పొత్రమూ ఉంది. చేతుల్లోనే మునుపటి సత్తువ లేదు. ఒక్క వాయి పప్పు నూరేసరికి మణికట్టు వాచింది. గోడ మీంచి రత్నమ్మ తల కనపడింది.

"ఏంటి వదినగారూ, గ్రైండర్ మోగట్లేదూ?"

"రోట్ల నూరితేనే రుచి. మెషిన్ల రుబ్బింది దేవునికి ఎక్కదు."

"పోయినేడాది దాకా ఎక్కిందిగా?"

"పోయినేడాది దేవునికి ఆకలెక్కువుండె."

రత్నమ్మ తల దించుకుని లోపలికి పోయింది. గెలిచానని తాయమ్మ మణికట్టుకి పసుపు రాసుకుంది.

మర్నాడు పొద్దున తాయమ్మ మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తుంటే పక్క మేడ మీద ఆవిరి లేస్తోంది. తొట్టిలో కోటయ్య మెడదాకా మునిగి, చెరువులో ఎనుబోతులా కళ్ళు మూసుకుని ఏదో కూనిరాగం తీస్తున్నాడు. తొట్టి లక్షణంగా గుడగుడమంటోంది. కాసేపటికి ఆయన తువ్వాలు చుట్టుకుని కిందికి దిగాడు. ఆయన వెళ్ళగానే రత్నమ్మ వచ్చి, అటూ ఇటూ చూసి, వంగి తొట్టి వెనక చెయ్యి పెట్టి, ఏదో పీకింది. గుడగుడ ఆగిపోయింది. ఎర్రదీపం వెలిగింది. రత్నమ్మ ఫోను తీసింది.

"మహాంతేశూ! టబ్బు మళ్ళీ పోయిందయ్యా! రేపే బయలుదేరు నాయనా," అని, మిగతాది చెప్తూనే మెట్లు దిగిపోయింది.

మిరపకాయలు తాయమ్మ చేతిలోంచి జారిపోయాయి. దొరికింది! తొట్టి పాడవడం లేదు, పాడు చేస్తున్నారు! ఎందుకు? ఇంకెందుకు, వీధంతా తన చుట్టూ తిరగాలని. తాయమ్మ అరుగు ఖాళీ చేయించాలని. అదీ జాతర ముందు!

ఆ రోజంతా తాయమ్మ వంటింట్లో ఉపన్యాసం సాధన చేసింది. "ఏమమ్మా రత్నమ్మా, నీ టబ్బుకు జబ్బు నువ్వే తెప్పిస్తవా?" అని మొదలుపెట్టి, నలుగురి ముందూ పిన్ను పీకి చూపించి, "ఇగో జూడుండ్రి!" అని ముగించాలి. పప్పు మాడింది. ఉపన్యాసం మాత్రం బ్రహ్మాండంగా ఉడికింది.

మహాంతేశ్ వచ్చాడని తెలియగానే పట్టుచీర తీసింది. గడప తొక్కనన్న మాట గుర్తొచ్చింది గానీ, దొంగని పట్టడానికి పోయేవాళ్ళకి ఆ ఒట్టు వర్తించదని తనకి తానే చెప్పుకుంది. శరణబసవ ఇంట్లో కనపడలేదు. మెట్ల మీద సుమంగళ కుట్టుమిషను మోటారుతో దిగుతూ, "రా అక్కా! ఎన్నడు రానిదానివి!" అని మురిసిపోయింది. తాయమ్మ ఆమెని దాటుకుని పోయింది. నోటి నిండా ఉపన్యాసం ఉంది.

పైకెక్కి చూస్తే తొట్టిని పట్టించుకున్నవాళ్ళు లేరు. అది ఒక మూల ఎర్రదీపం వేసుకుని అనాథలా పడి ఉంది. మహాంతేశ్ నేల మీద మఠం వేసుకుని కూర్చుని ఒక గ్రైండర్ విప్పి పెట్టుకున్నాడు. దాని ఒంటి మీద కుంకుమ బొట్టు. మెడకి ఆయుధపూజ నాడు కట్టిన పసుపుదారం.

"ఇది నాది!" అంది తాయమ్మ. ఉపన్యాసంలో లేని మాట అది.

తొట్టి వెనకనుంచి దగ్గు వినపడింది. శరణబసవ. ఆయన పక్కన కోటయ్య. ఆమె పట్టుచీర కట్టుకుని, ఉపన్యాసం ఇంకోసారి వల్లించుకునేలోగా ఇద్దరూ కలిసి దాన్ని పెరటి దారిన మోసుకొచ్చారు.

"అయిపోవచ్చిందక్కా," అన్నాడు మహాంతేశ్. "ఈ బేరింగు రాయచూర్ల దొరకదని అమ్మ ఫోన్ల ముందే చెప్పింది. హైదరాబాద్‌ల పాత బజారంత తిరిగి తెచ్చిన."

"బేరింగు సంగతి ఆమెకెట్ల తెలుసు?"

శరణబసవ జేబులోంచి టార్చి తీసి వెలిగించాడు. అది దివ్యంగా వెలిగింది. "మొన్న దీన్ని రిపేరికి ఇచ్చొద్దామని పోయిన తాయీ. మాటల్ల మాట గ్రైండర్ సంగతి..."

"మరి టబ్బు?"

"టబ్బుకేమైంది?" మహాంతేశ్ కాస్త జరిగి, తొట్టి వెనక్కి చెయ్యి చాపి పిన్ను నొక్కాడు. గుడగుడ. "ఎప్పుడు సూసిన గిదే పిన్ను. మొదట్ల నాకు సమజ్ కాలే. ఇప్పుడు అమ్మ ఫోన్ చేస్తే టబ్బు సంగతి అడగను. 'ఎవరింట్ల ఏం పోయింది, ఏం తేవాలె?' అని అడుగుత."

అప్పుడే మజ్జిగ గ్లాసులతో రత్నమ్మ వచ్చింది. తాయమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పిట్టగోడ దగ్గరికి లాక్కుపోయింది.

"పిన్ను నువ్వే పీకినవ్. నా కండ్లతోని జూసిన."

"అమ్మమ్మా, గట్టిగా అనకండి వదినగారూ!"

"ఎందుకు పీకినవ్?"

"గ్రైండర్ బాగుచేయిస్తానంటే మీరు ఒప్పుకుంటారా?"

"సచ్చినా ఒప్పుకోను."

"సుమంగళా అంతే. ఊరికే చేయిస్తానంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అదే టబ్బు పోయిందంటే, 'పిచ్చి మొహంది డబ్బులు తగలేస్తోంది, మనం వాడుకుందాం' అని నవ్వుకుంటూ తెచ్చుకుంటారు. నవ్వుకుంటూ వచ్చేవాళ్ళకి మొహమాటం ఉండదండీ."

తాయమ్మ గొంతు తగ్గింది. "అందరికన్న పెద్దగ నవ్వింది నేనే."

"వినపడేదండీ. అబ్బో, ఈసారి బాగా నమ్మారని నాకు ధైర్యంగా ఉండేది." రత్నమ్మ మజ్జిగ చేతిలో పెట్టింది. "అయినా మీ గ్రైండర్ మోగకపోతే మా ఇంట్లో తెల్లవారదు. దాని చప్పుడు విన్నాకే మావారు కాఫీ అడుగుతారు. ఇన్ని రోజులూ ఆయనకి కాఫీ ఆలస్యమే."

గ్రైండర్ తిరిగింది. ఆ చప్పుడు వింటుంటే తాయమ్మకి ఏడుపు రావాలి. రాలేదు. కడుపులో భగ్గుమంది. మేడ చూసి పడ్డ అసూయ, తొట్టి చూసి పడ్డ అసూయ దీని ముందు పసిపిల్లలు. తను ఏటా జాతరనాడు అరుగు మీద నలుగురూ చూస్తుండగా పుణ్యం కూడబెడుతోంది. ఈవిడ గోడ అవతల, వారం వర్జ్యం లేకుండా, పైగా తిట్లు తింటూ కూడబెట్టింది!

"ఇన్ని దినాలు పుణ్యమంత నువ్వొక్కదానివే మింగినవా రత్నమ్మా?" అంది. మజ్జిగ మాత్రం పూర్తిగా తాగింది.

ఆ ఏడు జాతరకి ఓలిగలు మునుపటికంటే మెత్తగా వచ్చాయి. తాయమ్మ ఒత్తింది, రత్నమ్మ కాల్చింది. నడిచొచ్చిన ముసలామె ఒకామె తిని, "సూగురేశ్వరుడు మిమ్మల్ని సల్లగ సూడాలె," అంది. 'నిన్ను' అనే చోట 'మిమ్మల్ని' అన్నందుకు తాయమ్మకి కొంచెం గుచ్చుకుంది. కొంచెమే.

జాతర అయిపోయాక ఒకనాడు పొద్దున, వాకిట్లో ముగ్గేస్తున్న తాయమ్మ చెయ్యి ఆగింది. ఎదురింట్లో సుమంగళ మిషను చప్పుడు లేదు. పెళ్ళి జాకెట్లు ఒప్పుకుని ఉంది పిల్ల. తాయమ్మ ముగ్గు సగంలో వదిలేసి, పక్కింటి మెట్లు ఎక్కింది. మేడ మీద ఆవిరి కమ్మేసి ఉంది. వంగి తొట్టి వెనక చెయ్యి పెట్టింది. పిన్ను మీద అప్పటికే ఇంకో చెయ్యి ఉంది.

"వదినగారూ! మీరా!"

"జరుగు. ఈపారి ఖరాబ్ నాది. కాళ్ళ కూలి నేనిస్త."

"అయ్యో, టబ్బు మాదండీ!"

"టబ్బు నీదే ఉండనియ్యి. మిషను చప్పుడు ఆగింది ముందుగాల ఇన్నది నేను!"

ఇద్దరూ చెరోవైపు లాగుతుండగా ఆవిరి లోపలినుంచి కోటయ్య గొంతు వినిపించింది.

"పుణ్యం ఎవరిదో నిదానంగా తేల్చుకోండమ్మా! ముందు నన్ను లేవనివ్వండి, నీళ్ళు చల్లారిపోతున్నాయి!"