ఆటకు పెట్టలేని పేరు

బందరులో ఫోన్లు బాగుచేసి బతికే దుర్గాశ్రీనివాస్‌ది సముద్రపొడ్డు పల్లె పాలకాయతిప్ప. చిన్ననాడు తండ్రి గంగన్న ఫోనులో, పైనుంచి దిమ్మెలు రాలిపడే ఆట ఆడుతూ పెరిగినవాడు. ఆ తండ్రి ఒకనాడు సముద్రంలో చేపల వేటకు వెళ్లి, పడవతో సహా తిరిగి రాలేదు.

పెద్దవాడయ్యాక శ్రీనివాస్ ఆ ఆటను పోలినదే ఒకటి స్వయంగా తయారుచేశాడు. దిమ్మెలకు బదులు చేపల పెట్టెలు. అవి పడేది పడవలో. వరుస నిండితే సరుకు దిగినట్టు, పెట్టెలు అంచు దాటితే పడవ మునిగినట్టు. తనదంటూ చేసిన వస్తువు అదొక్కటే గనుక పదిమందీ ఆడితే చూడాలని అతని ఆశ. పేరు దగ్గరే పొరబడ్డాడు. అసలు ఆట పేరుకు తోక మార్చి ఆప్ స్టోరులో పెట్టేసరికి, హక్కుదారులు అభ్యంతరం చెప్పారు; ఆట స్టోరులోంచి మాయమైంది.

తోక మార్చినా వినేవారు ఒకదాన్ని మరొకటనుకుంటే చిక్కేనని ప్లీడరు రాజారత్నం గారు మందలించారు. రూపు కొంత మార్చుకొని, ఎవరిదీ కాని పేరు చూసుకొమ్మన్నారు. శ్రీనివాస్‌కు తట్టింది ఒక్కటే: వేగుచుక్క. తండ్రి పడవ పేరు. వెదికి చూసి, ఆటలకు ఆ పేరు ఎవరూ నమోదు చేసుకోలేదని ప్లీడరు గారు తేల్చారు.

ఆ పడవ పోయినది మొదలు తిప్పలో ఎవరూ తమ పడవకు ఆ పేరు పెట్టలేదు. ఇంట్లోనూ ఎవరి నోటా రాలేదు. అందుకే తల్లిని అడిగి పెడదామని ఆదివారం ఇంటికి వెళ్లాడు. ఉప్పుచేపలు ఏరుతున్న కనకదుర్గ, కొడుకు పేరు సంగతి చెప్పి ఆడి చూపుతుంటే చాలాసేపు చూసింది.

“బాగా ఆడితే పడవ ఒడ్డుకొస్తుందిరా, శ్రీనూ?”

“రాదమ్మా. ఎంత బాగా ఆడినా చివరికి మునిగిపోద్ది. ఆటే అంత.”

“మరి మీ నాన్న పడవని రోజూ ఎంతమంది ముంచుతార్రా?”

అతను ఆట ఆపేశాడు. పడవ ఒడ్డు చేరేట్టు మారుస్తానన్నాడు.

“చేరలేదు కదరా,” అని ఆమె మళ్లీ చేపల వైపు వంగింది.

మరునాడు ప్లీడరు గారు పేరు నమోదు దరఖాస్తు మాటెత్తితే, “వద్దండీ, ఆ పేరు ఖాళీ లేదండీ,” అన్నాడు. తానే స్వయంగా వెదికానని ఆయన ఆశ్చర్యపోయారు. శ్రీనివాస్ వివరం చెప్పలేదు. వేరే పేరుకు మనసొప్పక, పేరు లేనిదాన్ని స్టోరు తీసుకోక, ఆట అతని ఫోనులోనే ఉండిపోయింది. ఇప్పుడు అతను ఇంటికి వెళ్లి ఫోను బయటికి తీస్తే చాలు, తల్లి లేచి అవతలికి వెళ్తుంది.