మా బావ మబ్బుకోళ్ళు

మా అక్క మొగుడికి రంగుల పిచ్చి. పుట్టుకతోనే ఉందో, పెయింట్ల కొట్టులో పనికి కుదిరాక పట్టుకుందో నాకు తెలియదు. కొట్టుకు వచ్చేవాళ్ళు ఒక గుడ్డపీలికో, గోడ మీంచి రాలిన పెచ్చో తెచ్చి, సరిగ్గా ఇదే రంగు కావాలంటారు. ఆయన దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, తెల్ల డబ్బాలో నలుపొక చుక్క, పసుపొక చుక్క వేసి, కర్రతో కలిపి, అట్టముక్క మీద పూసి ఆరబెట్టి చూపిస్తాడు. తను కలిపిన డబ్బా ఇంతవరకూ ఒక్కటి కూడా వెనక్కి రాలేదని నాకు వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. అడిగానా అంటే, ఒక్కసారి కూడా అడగలేదు.

నేను ఆయన మరదలిని. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. గోడకు అటువైపు ఆయన కోళ్ళు, ఇటువైపు నా నిద్ర. తెల్లారకముందే ఆయన పుంజు నా తలగడ మీద కూర్చుని కూసినట్టే ఉండేది.

"బావా, దానికి కాస్త ఆలస్యంగా లేవడం నేర్పకూడదూ?" అంటే, "నీకు కాస్త తొందరగా లేవడం నేర్పుతోంది కదా మరదలు పిల్లా, ఊరికే!" అనేవాడు. నలభై దాటినా ఆయనకు నేనింకా మరదలు పిల్లనే.

అవి మామూలు కోళ్ళు కావు. వాన పడబోయే ముందు ఆకాశం ఉంటుందే, అదీ వాటి రంగు. ప్రతి ఈక అంచునా సన్నగా ముదురు గీత. బావ వాళ్ళమ్మగారు ఎప్పటినుంచో పెంచుకొచ్చిన పాతజాతి అది. చుట్టుపక్కలవాళ్ళు మబ్బుకోళ్ళు అనేవారు. ఒకప్పుడు చాలా ఇళ్ళలో ఉండేవట. ఫారంకోడి వచ్చాక వాటిని పట్టించుకునే నాథుడు లేకుండా పోయాడు. ఆవిడ పోయాక బావ మిగిలిన పుంజునూ రెండు పెట్టల్నీ బుట్టలో పెట్టుకుని తెచ్చుకున్నాడు.

"ఈ రంగు ఇంకెవరి దగ్గరా లేదు. నా చేతుల్లో ఆగిపోతే నేనేం కొడుకునని?" అన్నాడు ఆ రోజు. మా బావ నోటివెంట వేళాకోళం లేని మాట రావడం నేనదే మొదటిసారి విన్నాను.

టౌన్ హాల్లో ఏటా పాతజాతి కోళ్ళ ప్రదర్శన పెడతారు. ఆ పుంజును చంకన పెట్టుకుని అక్కడికీ వెళ్ళాడు. బహుమతులు నిర్ణయించే పెద్దాయన దాని రెక్క విప్పి చూసి, "రంగు అద్భుతంగా ఉందండీ. కానీ ఒక్క కోడిని చూసి ఇదొక రకం అని ఒప్పుకోలేం. ఒక పుంజు, నాలుగు పెట్టలు, అన్నీ ఇదే రంగులో తీసుకురండి. ఒకసారి ఒప్పుకున్నామంటే పదిమందీ పెంచడానికి ముందుకొస్తారు" అన్నాడు. ఇక బావకు తిండిమీద ధ్యాస లేదు, నిద్రమీద ధ్యాస లేదు.

ముందు తన వృత్తి తెలివి చూపించాడు. నలుపులో తెలుపు కలిపితే బూడిద రంగేగా, రోజూ చేసే పనేగా అని, ఎవరిదో నల్ల పెట్టకు ఫారం తెల్లపుంజును జత చేశాడు. పుట్టినవాటిలో మబ్బు రంగు మచ్చుకైనా లేదు. దాంతో లెంపలేసుకుని ఇంకో సిద్ధాంతం పట్టుకున్నాడు. షేడ్ కుదిరిన డబ్బాలో ఇంకో చుక్క పడకూడదు, మబ్బు పుంజుకు మబ్బు పెట్టలే ఉండాలి. ఆ సిద్ధాంతాన్ని ఉడుంపట్టు పట్టాడు.

తీరా గుడ్లు పొదిగి పిల్లలయ్యాక చూస్తే, సగమే మబ్బు రంగు. మిగతావాటిలో కొన్ని కటిక నలుపు, కొన్ని మురికి తెలుపు మీద సిరా చిమ్మినట్టు మచ్చలు. నల్లవాటిని ఎలాగో సహించేవాడు కానీ, మచ్చలవాటిని చూస్తే ఒంటికాలిమీద లేచేవాడు.

"చెడిపోయిన డబ్బాలే ఇవి! ఎక్కడో కల్తీ జరిగింది" అంటూ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పంచిపెట్టడం మొదలుపెట్టాడు. మా అక్క అడ్డుపడింది.

"ఆ మచ్చల పెట్టలు మిగతావాటికంటే ఎక్కువ గుడ్లు పెడుతున్నాయి. వాటి జోలికొచ్చారంటే వంటింట్లో మీకు చోటుండదు."

"రంగు చూడవే, రంగు!"

"గుడ్డు పగలగొట్టాక లోపల రంగు చూసుకుంటాను లెండి."

అలా మూడు మచ్చల పెట్టలు అక్క పాలబడ్డాయి. గద్ద వస్తే అరిచి గోల చేస్తుందని ఒక నల్లపుంజును కూడా ఉంచుకుంది. వాటికి మెట్ల కింద సిమెంటు గచ్చు మీద పాత గూడు ఇచ్చింది. బావ మాత్రం తన మబ్బుకోళ్ళకు పెరటి చివర కొత్త ఇనుపవల కట్టి, రంగు వేసిన తలుపు పెట్టి, రాజభోగం చేశాడు. మచ్చలవి ఆ వల ఛాయలకు వెళ్ళినా ఊరుకునేవాడు కాదు. మొత్తానికి తంటాలు పడి ఒక పుంజునూ నాలుగు పెట్టల్నీ ఒకే రంగులో సిద్ధం చేశాడు. ప్రదర్శన దగ్గరపడుతోందనగా ఆయన నడకే మారిపోయింది. నాక్కూడా "గుడ్ మార్నింగ్" చెప్పడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే కొంప మునిగింది. అందరం ఒక పెళ్ళికి వెళ్ళి వచ్చేసరికి వీధికుక్కలు మట్టి తవ్వి వల కిందనుంచి దూరాయి. ఒక్క మబ్బుకోడి కూడా మిగల్లేదు. ముసలి పుంజు కూడా పోయింది. మెట్ల కింద గచ్చు మీద ఉన్న గూడు జోలికి కుక్కలు వెళ్ళలేకపోయాయి. నల్లపుంజూ మచ్చల పెట్టలూ గూట్లోంచి మా వంక బిక్కుబిక్కుమంటూ చూశాయి.

బావ అరిస్తే బాగుండేది. అరవలేదు. ఈకలన్నీ ఏరి, గొయ్యి తీసి, పూడ్చి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పెరటివైపు తలుపే తీయలేదు. కొట్టులో ఆయన కలిపిన రంగు తేడా వచ్చిందని ఎవరో డబ్బా తిరిగి తెచ్చారట. ఆ మాట విన్నప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఆయన నోటి దురుసుతో విసిగిపోయినదాన్ని, ఆ నోరు మూతపడితే ఇల్లు ఇంత వెలితిగా ఉంటుందనుకోలేదు.

కొన్నాళ్ళకు మచ్చల పెట్టల్లో ఒకటి పొదుగుకు కూర్చుంది. అక్క ఆ మూడు పెట్టల గుడ్లూ పోగుచేసి దాని కింద పెట్టింది. బావ కిటికీలోంచి చూసి, "ఎందుకే అవి? పుంజేమో నలుపు, పెట్టలేమో మచ్చలు. పుట్టేవన్నీ కలగాపులగమే" అన్నాడు.

"రంగు కోసం పెట్టానని ఎవరన్నారు? మీరు మళ్ళీ ఆ మెట్ల కింద ఒకసారి వంగి చూస్తే నాకంతే చాలు" అంది అక్క. గోడ ఇవతల బట్టలు ఆరేస్తున్న నేను అక్కడే నిలబడిపోయాను.

గుడ్లు పగిలే రోజు ఉదయం అక్క గోడమీంచి కేకేసింది. వెళ్ళేసరికి మొదటి పిల్ల పెంకులోంచి బయటపడి, తడిసి ముద్దయి ఉంది. బావ బతిమాలించుకుని వంగి చూశాడు.

"నలుపే. చెప్పానా?" అని లేచి, చెప్పులేసుకోవడానికి వెళ్ళిపోయాడు.

మేమిద్దరం అక్కడే కూర్చున్నాం. తల్లి రెక్క కింద వెచ్చదనానికి పిల్ల మెల్లగా ఆరసాగింది. ఆరేకొద్దీ నలుపు వదులుతోంది. నూగు విచ్చుకుంది. పొగ రంగు! అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండోది ఆరింది. అదీ పొగ రంగే. పెట్టను కాస్త పక్కకు జరిపి చూస్తే కింద ఉన్నవన్నీ అంతే.

"ఏవండీ!" అని అక్క పెట్టిన కేకకు కోళ్ళతోపాటు నేనూ ఎగిరిపడ్డాను. బావ ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా పరిగెత్తుకొచ్చాడు. ఒక్కొక్కదాన్నీ అరచేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు. చివరిదాన్ని చూశాక గచ్చు మీద చతికిలబడి, "ఒక్క నలుపు లేదే. ఒక్క మచ్చ లేదే" అని ఏడుస్తూ నవ్వాడు. నాకు కోళ్ళంటే పడదు. అయినా ఆ పూట ఆనందం పట్టలేక అక్కను వాటేసుకున్నాను.

ఆ రోజంతా ఆలోచించి చివరికి ఆయనే గుట్టు విప్పాడు. మచ్చల పెట్టలో మబ్బు రెండు పాళ్ళు ఉంటుంది, మోతాదు మించడంవల్లే అది వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. నల్లపుంజులో అసలు ఉండదు. ఈ రెండూ జతకడితే ప్రతి పిల్లకూ కచ్చితంగా ఒక పాలు వస్తుంది. ఒక పాలు వచ్చిందంటే మబ్బు రంగే. పైగా నల్లదీ మచ్చలవీ కూడా వాళ్ళమ్మ కోళ్ళ సంతానమే. రంగు ఎక్కడికీ పోలేదు. అక్క గూట్లో రోజూ గింజలు తింటూనే ఉంది.

"ఇంతకాలం ఈ రంగుకు మూలమైనవాటినే వాళ్ళకీ వీళ్ళకీ పంచిపెట్టానే!" అని నెత్తి బాదుకుని, అంతలోనే లేచి సిమెంటు బస్తా కోసం పరిగెత్తాడు. పెరట్లో గూటికి గట్టి గచ్చు పడింది. ఆ తర్వాత పొదిగిన ప్రతిసారీ అన్నీ మబ్బుకోళ్ళే. మరుసటి ప్రదర్శనకు ఏ పుంజును తీసుకెళ్ళాలా, ఏ పెట్టలను ఎంచాలా అని తల పట్టుకునేంతగా పెరడు నిండిపోయింది.

టౌన్ హాల్లో ఆ పంజరం ముందు జనం మూగారు. పుంజు ఛాతీ విరుచుకుని నిలబడింది. ఏ పెట్టకూ ఏ పెట్టకూ తేడా తెలియడం లేదు. పిల్లల్ని ఎప్పుడిస్తారు, మాకు ముందివ్వండి అని అప్పుడే ఇద్దరు ముగ్గురు బావ చొక్కా పట్టుకున్నారు. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని ప్రతి పెట్ట రెక్కా విప్పి చూశాడు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

"ఒప్పుకుంటున్నాం. ఇక నుంచి మబ్బుకోడి ఒక రకం" అన్నాడు గట్టిగా, అందరికీ వినిపించేలా. చప్పట్లు ఆగాక అడిగాడు. "ఇంతకీ ఈ ఘనత ఎవరిదండీ? మీదేనా?"

అవకాశం దొరికితే గంటసేపు తన గొప్ప చెప్పుకునే మా బావ, అక్కను చెయ్యి పట్టి ముందుకు లాగాడు.

"పెంచింది మా అమ్మండీ. నిలబెట్టింది మా ఆవిడ."

"మరి మీరు?"

"నేను రెట్ట ఎత్తేవాణ్ణండీ."

అక్క పెద్దాయన వంక చూసి, "అదీ సరిగ్గా ఎత్తరండీ" అంది.

హాలు హాలంతా విరగబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మా బావే. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. అక్క చెయ్యి మాత్రం వదల్లేదు.