ఖాలమ్మ చేతి నారు

ఆరుద్ర వానలు పట్టిన వారం, పొద్దున్నే, పక్కింటి ఖాలమ్మ కొడుకు మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ పెరటి గోడ మీదనుంచి పిలిచే మనిషి ఆ రోజు వీధి చుట్టూ తిరిగి వచ్చాడు.

"అక్కా, అమ్మీ పోయింది. తెల్లారగట్ల ఫజర్ నమాజు చేసుకొని పండుకున్నది, మల్ల లేవలే" అన్నాడు.

మా ఆయన పెరట్లో గోనెపట్టా మీద కూర్చొని మిరప నారు తీస్తున్నాడు. మాట ఆయన చెవిన పడింది. చేతిలోని మొక్కను మళ్ళీ మడిలోనే పెట్టి, చుట్టూ మట్టిని వేళ్ళతో అదిమాడు. 

మంచిర్యాల దగ్గర బొగ్గు తవ్వే బాయి పనివాళ్ళ క్వార్టర్లలో మాది చివరి వరస. ఆ వరసలో చిన్నాపెద్దా అందరికీ ఆమె ఖాలమ్మే. వాళ్ళ మాటలో ఖాలా అంటే పిన్నమ్మ. సొంత పేరుతో ఆమెను ఎవరైనా పిలవగా నేను వినలేదు. ఆమెకు నేను ఏమీ కాను. కానీ ఈ రోజు మా ఇల్లు ఇల్లులా ఉందంటే అందులో ఆమె చేయి ఉంది. అది చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

హుజూరాబాద్ దగ్గరి పల్లెనుంచి నేను కాపురానికి వచ్చేసరికి మా క్వార్టరు వెనుక ఇంత బూడిద కుప్ప, దానిమీద బొగ్గుమసి, అంతే. ఆ పెరట్లో నాలుగు కూరగాయలు పెడదామని అంగడికి పోయి వంకాయ నారు తెచ్చాను. మూరెడు పొడుగు, లేత పచ్చగా, చూడముచ్చటగా ఉంది. కట్ట విప్పుతుంటే గోడ అవతలినుంచి నవ్వు వినిపించింది. నోట్లో తమలపాకుతో, తలమీద తెల్లటి దుపట్టాతో, వరసంతా ఖాలమ్మా అని పిలిచే పెద్దావిడ.

"గీ నారు ఎవడు అంటగట్టిండు బిడ్డా నీకు?"

"ఏం ఖాలమ్మా, మంచిగ లేదా? ఎంత ఎత్తున్నదో చూడు."

"అదే చూస్తున్న. నీడకు పెరిగినదానికి ఎత్తెక్కువ, దమ్ము తక్కువ. నాటు, కాదనను. పొద్దుగూకేసరికి తల వాల్చకపోతే నన్నడుగు."

పొద్దుగూకేదాకా కూడా ఆగలేదు, ముందే వాలిపోయింది. మరుసటి అంగడికి ఆమే నన్ను వెంట తీసుకొని పోయింది.

ఆ అంగడి నడకలు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉన్నాయి. గోదారి ఒడ్డు ఊళ్ళనుంచి రైతులు తడి గోనెల్లో నారు కట్టలు తెచ్చి వరసగా పెట్టుకునేవారు. ఖాలమ్మ ముందు ఒక చుట్టు ఊరికే తిరిగేది, ఏదీ ముట్టుకునేది కాదు. రెండోసారి తిరిగినప్పుడు ఆగేది. కట్ట పైన కనబడే మొక్కలను నమ్మేది కాదు.

"కట్ట ఇప్పు" అనేది.

"ఇప్పితే మల్ల ఎవరు కొంటరు ఖాలమ్మా?"

"నేను కొంట. ఇప్పు."

అతను సణుగుతూనే విప్పేవాడు. ఆమె నడిమి మొక్కను తీసి ఆకు వెనక్కి తిప్పేది. అక్కడ పురుగు గుడ్లో, తెల్ల నూగులాంటి పేనో ఉంటే కట్టను తిరిగి పెట్టేసేది. కాడను రెండు వేళ్ళతో మెల్లగా వంచి చూసేది. అది పొట్టిగా, గట్టిగా ఉండి, కొద్దిగా నీలం తిరిగి ఉంటే ఆమె మొహం వెలిగేది. చివరగా వేరు. తెల్లగా, ఇంత మట్టి పట్టుకొని ఉండాలి. ఒకసారి నేను పూత వచ్చిన టమాట నారు చూసి మురిసిపోయి, తొందరగా కాస్తుంది కదా అన్నాను. ఆమె నా చేతిలోనుంచి దాన్ని తీసేసుకుంది. "ఇది తల్లిగారింట్లనే ముసలిదైంది. అత్తగారింటికి పోయి ఏం సంసారం చేస్తది?" అంది. నారు అమ్మే మనిషికి కూడా నవ్వు ఆగలేదు.

ఆమె వంకాయను ఒక్కోసారి వాంగీ అనేది. వాళ్ళది మరాఠీ మాట్లాడే నాందేడ్ దిక్కు. నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన ఏడు కొడుకును తీసుకొని ఈ ఊరికి వచ్చిందట. అక్కడ ఏం జరిగిందో, భర్త ఏమయ్యాడో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఒక్కసారి మాత్రం, నేను బెండకాయలు తెంపుతుంటే గోడమీద చేయి ఆనించి చూస్తూ, "మేము ఎల్లిన పొద్దు మా పెరట్ల కూడా గిట్లనే కాయ తెంపే ఏలయ్యింది. తెంపలే" అంది. ఆ పూట నేను తెంపిన బెండకాయలన్నీ ఆమె ఒడిలో పోశాను. సగం తిరిగి ఇచ్చేసింది. "ఇంట్ల పసిపిల్ల ఉన్నది, వండు" అంది.

మా బిడ్డ నడక నేర్చిన ఏడు, బాయిలో కప్పునుంచి బొగ్గుపెళ్ళ విరిగి మా ఆయన మీద పడింది. ప్రాణం దక్కింది గాని, దవాఖానలో ఒక కాలు మోకాలి పైనుంచి తీసేశారు. ఇంటికి తెచ్చాక ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. కూర్చొని చేసే తేలిక పని ఇస్తామని బాయి మేస్త్రీ వచ్చి చెబితే ఇటు తిరిగి చూడలేదు. బిడ్డ వచ్చి చొక్కా పట్టి లాగినా పలకలేదు. ఒకనాడు అన్నం పళ్ళెం పక్కకు నెట్టి, "నువ్వు పిల్లను తీసుకొని మీ తల్లిగారింటికి పో. నాతోని ఏమున్నది ఇగ" అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి మనిషిని ఇంట్లో ఒంటరిగా వదిలి నల్లా దగ్గరికి పోవాలన్నా భయంగా ఉండేది.

ఆ భయం నేను చెప్పుకున్నది ఖాలమ్మ ఒక్కదానితోనే. ఆమె అంతా విని లోపలికి పోయింది. కాసేపటికి చేతికర్ర ఊతంతో మా ఇంట్లోకి వచ్చి, మా ఆయన మంచం పక్కన నిలబడింది. అప్పటికి ఆమె మోకాళ్ళు వాచి, వాటికి గుడ్డలు కట్టుకొని తిరుగుతోంది.

"అల్లుడా, నా మడిల వాంగీ నారు ఒత్తుగ మొలిచింది. పలచన చెయ్యకపోతే అంత ఖరాబైతది. నాకు వంగుడు రాదు. నీకు లేసుడు రాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి పని అయితది. రా."

ఆయన గోడవైపు చూస్తూనే అన్నాడు. "బొగ్గు కొట్టిన చేతులు ఇవి ఖాలమ్మా. మొక్కలు ఏరమంటవా?"

"గా చేతులే కావాలె. నీ కాలు పోయింది, చేతులు పోలే. నాకు నీ కాలుతోని పనే లేదు."

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే నేను ఊరుకునేదాన్ని కాదు. ఆయన గిరుక్కున ఇటు తిరిగాడు. కోపంతోనే తిరిగాడు, కానీ తిరిగాడు. ఖాలమ్మ కొడుకు వచ్చి ఆయనను ఎత్తుకొని పోయి, వాళ్ళ పెరట్లో మడి పక్కన గోనెపట్టా మీద కూర్చోబెట్టాడు.

నేను ఇంట్లో బియ్యం కడుగుతూ చెవులు అటే పెట్టాను. "అది తియ్. అది కాదు, దాని పక్కది" అని ఆమె కర్రతో చూపిస్తోంది.

"రెండూ ఒక్కతీరే ఉన్నయి కద!" అని ఆయన విసుక్కున్నాడు.

"ఒక్కతీరుంటయా? మీ అవ్వ, మీ అత్త ఒక్కతీరుంటరా?"

గోడ మీదుగా ఆయన నవ్వు వినిపించింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు, మధ్యలో దగ్గు కూడా వచ్చింది. నేను కడిగిన బియ్యం ముందు పెట్టుకొని, చేతుల తడి ఆరేదాకా అట్లాగే కూర్చుండిపోయాను.

తర్వాత రోజు ఆయన ఎవరూ పిలవకముందే మంచం మీద లేచి కూర్చున్నాడు. ఏ మొక్క ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని ఇద్దరికీ రోజూ పోట్లాటే. కొన్నాళ్ళకు ఆయన అన్నదే నిజమయ్యేది, ఖాలమ్మ ఒప్పుకునేది కాదు. మా పెరట్లో కూడా మడి కట్టాము. స్నానాల నీళ్ళు దానికే మళ్ళించాము. వానాకాలం వచ్చిందంటే వరసలోని వాళ్ళందరూ నారుకు అంగడికి పోకుండా మా దగ్గరికే వచ్చేవారు. ఎవరైనా మెచ్చుకుంటే ఖాలమ్మ గోడ మీదనుంచి అందుకునేది, "మా అల్లుని చేతి నారు అది. ఊకనే అయిందా!" అని. మరుసటి ఏడు ఆయన చంకకర్రతో నడుచుకుంటూ పోయి ఆ తేలిక పనిలో చేరాడు. పొద్దున పూట మాత్రం మడి దగ్గరే. అల్లుడు చూడనిదే ఆమె ఒక్క మొక్క కూడా ఎవరికీ ఇచ్చేది కాదు.

పోయే ముందు వారం కూడా గోడ దగ్గరికి వచ్చింది. ఊపిరి అందడం లేదు. కూర్చో ఖాలమ్మా అంటే, "కూసుంటే మల్ల లేవనేమో" అని నవ్వింది. మడివైపు చూసి, "ఈసారి మస్తు మంచిగొచ్చింది" అంది. నేను విన్న ఆమె చివరి మాట అదే.

మూడో రోజు, పోయినవాళ్ళ కోసం చదివే ఫాతెహాకు అందరూ వచ్చారు. ఖబరస్తాన్‌లో ఆమె సమాధి దగ్గరినుంచి మగవాళ్ళు తిరిగి వచ్చి వాళ్ళ పెరట్లో కూర్చున్నారు. ఆమె కోడలు మా ఆయనతో మెల్లగా, "భాయ్, అమ్మీ పోసిన నారు అట్లనే ఉన్నది. ఏం చేద్దాం?" అంది.

"ఇంక రెండొద్దులు ఆగితే ముదురుతది. ఇయ్యాలనే తీస్త" అన్నాడు ఆయన.

చంకకర్ర గోడకు ఆనించి, నేలమీద కూర్చొని, మడి అంతా తీశాడు. ఒక్కొక్క మొక్క ఆకు వెనక్కి తిప్పి చూశాడు. మంచివాటిని చిన్న చిన్న కట్టలు కట్టి, వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో ఒకటి పెట్టాడు. ఎవరూ వద్దనలేదు.

రెండు రోజులుగా వాన తెరిపిచ్చిన, మబ్బు పట్టిన సాయంత్రం. టోపీలు పెట్టుకున్నవాళ్ళు, బుర్ఖాల్లో ఉన్నవాళ్ళు, పని దిగి బొగ్గుమసి బట్టలతోనే వచ్చినవాళ్ళు, చంకల్లో పిల్లలతో మా వరస ఆడవాళ్ళు, ఒకరి వెనుక ఒకరు వీధిలోకి నడిచారు. అందరి చేతుల్లో వంకాయ నారు. తడి వేర్లనుంచి కారిన నీళ్ళు నల్లటి దుమ్ములో చుక్కలు చుక్కలుగా పడి, ఒక్కో గుమ్మం దాకా పోయి ఆగాయి.